మూలకు చేరని నీళ్లు

మా ఇంటి హాల్లో టీవీ పెట్టాల్సిన చోట చేపల తొట్టి ఒకటి ఉంది. రంగు రాళ్లూ బొమ్మలూ వేసిన తొట్టి కాదు. అడుగున మన్ను పోసి, ఆ మన్నులో నీటి చెట్లు నాటి పెంచే తొట్టి. అందులో చెట్లే ఇంటివాళ్లు, చేపలు చుట్టాలు. చెట్లకు లైటు కావాలి, ఎరువు కావాలి, కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ కూడా కావాలి. దానికని తొట్టి కింద బీరువాలో చిన్న సిలిండర్ పెట్టుకున్నాను. సన్నటి ట్యూబులో గ్యాస్ పైకి పోయి, నీళ్లలో పొడి చల్లినట్టు సన్న బుడగలుగా వస్తుంది. పొద్దున లైటుతోబాటు తెరుచుకుంటుంది, సాయంత్రం లైటుతోబాటు మూసుకుంటుంది.

నేను బ్యాండేజి గుడ్డ నేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. పగలంతా పవర్‌లూమ్‌ల మోత. ఇంటికి వచ్చి ఆ తొట్టి ముందర కూచుంటే తల చల్లబడేది.

మా అక్క నాకంటే చాలా పెద్దది. చిన్నప్పటి నుంచి స్పిన్నింగ్ మిల్లులో పని చేసింది. దూది దుమ్ము మింగి మింగి ఊపిరితిత్తులు పాడైపోయినాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బావ పోయినాక తళవాయిపురంలో ఒక్కతే ఉండింది, మేమే పిలుచుకొచ్చినాము. నా పెండ్లాము బడిలో టీచరు, నేను ఫ్యాక్టరీలో. పగలంతా ఇంట్లో అక్క ఒక్కతే, తొట్టి ముందర కుర్చీ వేసుకొని చేపలను చూసుకుంటా ఉండేది. "టీవీ కంటే ఇదే మేలు, ఎవరూ ఏడ్చరు" అనేది.

రాత్రి కూడా హాల్లోనే పడుకునేది. కొండ గాలి బాగా తగిలేది అక్కడే. వచ్చిన కొత్తలో ఒక పొద్దున కాఫీ తాగతా అనింది.

"తమ్ముడా, ఆ తొట్టిలో రాత్రంతా ఎవరో చెంబుతో నీళ్లు పోస్తా ఉండే మాదిరి ఉందిరా. నిద్ర పట్టేది లేదు."

ఫిల్టర్ గొట్టం నీళ్లకు పైన ఉండింది, అందులోంచి నీళ్లు ధారగా పడతా ఉండినాయి. నేను ఆ గొట్టాన్ని నీళ్ల లోపలికి దించేసినాను. చప్పుడు నిలిచిపోయింది. తొట్టి పైభాగం అద్దం మాదిరి కదలకుండా అయింది. చూసేదానికి అందంగా కూడా ఉండింది. ఆ రాత్రి అక్క బాగా నిద్రపోయింది.

కొన్ని వారాలకు తొట్టిలో తేడా కనిపించింది. కుడి పక్క చెట్లు పచ్చగా ఉన్నాయి. ఎడమ మూలలో, అందానికని పెట్టిన పెద్ద మాను ముక్క వెనక ఉండే చెట్లు మాత్రం సన్నబడి, ఆకుల అంచులకు నల్లటి పాసి పట్టింది. బుడగలు కుడి పక్కనే లేచి, నేరుగా పైకి పోయి పగిలిపోతా ఉండినాయి. ఎడమ మూలకు ఒక్కటి కూడా చేరేది లేదు.

దాని అర్థం నాకు తెలుసు. ఇలాంటి తొట్టిలో గ్యాస్ ఎంత ఇచ్చినామన్నది కాదు, ఆ గ్యాస్‌ను మోసుకొనే నీళ్లు అన్ని మూలలకూ తిరిగినాయా లేదా అన్నదే ముఖ్యం. ఎన్నోసార్లు చదివినాను, ఇంకొకరికి చెప్పినాను కూడా. కానీ నీళ్లు తిప్పాలంటే మాను తీయాలి, చెట్లు పీకి మళ్లీ నాటాలి, గొట్టాలు మార్చాలి. ఆదివారం చేద్దామనుకుంటే చోళపురంలో పెండ్లి వచ్చింది. అందుకని సులభమైన పని చేసినాను. సిలిండర్ వాల్వును కొంచెం ఎక్కువ తిప్పినాను. మర్నాడు ఇంకొంచెం. పెండ్లి అయిన మరునాడు, ఫ్యాక్టరీకి పోయే తొందరలో, చూడకుండానే ఇంకొంచెం.

ఆ రోజు సరుకు చూసేదానికి చెన్నై నుంచి మనుషులు వచ్చి ఉండినారు. వాళ్ల ముందర గుడ్డ పరిచి చూపిస్తా ఉంటే అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడా, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తా మూస్తా ఉన్నాయి. నాకు ఆయాసం వచ్చినప్పుడు ఉంటాను చూడు, అట్లా ఉన్నాయి."

"ఆకలి వేసి ఉంటుంది అక్కా. కొంచెం మేత వేయి."

"పొద్దున నువ్వు వేసినావు కదా?"

"పరవాలేదు, వేయి. ఇక్కడ మనుషులు ఉన్నారు, నేను మళ్లీ మాట్లాడతాను."

మళ్లీ మాట్లాడలేదు. మరిచిపోయినాను.

సాయంత్రం ఇంటికి పోతే అక్క తొట్టి ముందర నేల మీద కూచొని ఉంది. చీర కొంగంతా తడి. పక్కన బకెట్. టీ వడపోసే జల్లెడతో బతికి ఉన్న చేపలను ఒక్కొక్కటిగా పట్టి, ఆ బకెట్ నీళ్లలో వేసింది. అందులో కొన్ని తిరగతా ఉన్నాయి. మిగిలినవి తొట్టి పైన వెల్లకిలా తేలతా ఉన్నాయి, వాటి చుట్టూ తినని మేత. అక్క చేతిలో ఆమె ఊపిరి మందు ఉంది. దాన్ని ఒకసారి పీల్చి అనింది.

"నేనే చంపేసినాను రా. నువ్వు కొంచెం వేయమన్నావు. అవి నోరు తెరిచేది చూసి, పాపం అని చెయ్యి ఆగలేదు. వేస్తానే ఉండినాను."

నేను వంగి వాల్వు మూసేసినాను. వాల్వు ఎంత దూరం తెరిచి ఉందో అప్పుడు సరిగా చూసినాను.

"మేత వల్ల కాదక్కా. నేను గ్యాస్ ఎక్కువ పెట్టేసినాను. దానికి ఊపిరాడక పోయినాయి. తప్పంతా నాది."

"సరి సరి. నన్ను ఓదార్చేదానికి చెప్తావు."

"నిజం అక్కా." ఆమె నమ్మాలని ఇంకా విడమరిచి చెప్పడం మొదలుపెట్టినాను. "నీళ్ల పైన అల ఉంటే, ఎక్కువైన గ్యాస్ బయటికి పోయేది, బయటి గాలి నీళ్లలోకి దిగేది. గొట్టం కిందికి దించేసినందువల్ల నీళ్లు కదలకుండా..."

నోట్లోంచి వచ్చేసినాక తెలిసింది ఏమన్నానో. అక్క తొట్టి వైపు చూసింది.

"చప్పుడు ఉంది అని చెప్పింది నేనే కదా" అనింది.

ఆ తరువాత నేనేం చెప్పినా లాభం లేకపోయింది. ఆమె మీదినుంచి ఒక బరువు దించేదానికి పోయి ఇంకొకటి పెట్టినాను. అక్క లేచి చాప చుట్టుకొని లోపలి గదికి పోయింది. "ఇంక నేను ఇక్కడే పడుకుంటాను. నువ్వు ఆ గొట్టం పైకి పెట్టుకో" అనింది. ఆ గదిలో గాలి లేదు. గోడ ఇవతల పడుకున్న నాకు ఆమె దగ్గు వినిపిస్తానే ఉండింది. మర్నాడు నా పెండ్లాము కాఫీ పెట్టి బడికి పోయింది.

ఫ్యాక్టరీకి లీవు పెట్టి తొట్టి సగం ఖాళీ చేసినాను. పెద్ద మాను తీసేసి చిన్నది పెట్టినాను. వెనక గోడ పొడవునా బెజ్జాలు ఉండే గొట్టం బిగించి, బెజ్జాలను కొంచెం పై వైపుకు తిప్పినాను. నీళ్లు కింద పడవు, చప్పుడు రాదు, పైన సన్నటి అల మాత్రం లేస్తా ఉంటుంది. గ్యాస్ బుడగలు వచ్చే చోటును ఆ నీటి దారిలోకి మార్చినాను. ఎడమ మూలలో చిన్న గాజు బుడ్డి వేలాడదీసినాను. దాంట్లో మందు నీలంగా ఉంటే గ్యాస్ తక్కువ, పచ్చగా ఉంటే సరి, పసుపైతే ఎక్కువ. మధ్యాహ్నానికంతా బుడగలు కుడి నుంచి కిందికి దిగి, చెట్ల నడుమ నుంచి పోయి ఎడమ మూలను చేరినాయి. ఆ పాసి పట్టిన సన్న ఆకులు మొదటిసారి ఊగినాయి. నాకు సంతోషం రాలేదు. సగం రోజు పని ఇది. ఇంతేనా అనిపించింది.

అక్కను పిలిచి కూచోబెట్టినాను. "చప్పుడు వినపడుతుందా చూడు."

తల వంచి చాలా సేపు విన్నది. "లేదే" అనింది.

"అయితే హాల్లోనే పడుకో."

"వద్దులే. లోపల అలవాటైపోయింది."

చివరికి నా పెండ్లామే ఒక దారి కనిపెట్టింది. "వదినా, ఈ ఆడి మాసం హోరుగాలికి మేడ మీద ఆరేసిన బట్టలన్నీ ఎగిరిపోతా ఉన్నాయి. లోపలి గదిలో తాడు కట్టుకుంటాను" అని, చాప తెచ్చి హాల్లో పరిచింది. తాడు నిజంగానే కట్టింది. ఆ రాత్రి అక్క హాల్లోనే పడుకుంది. దగ్గు కొంచెం తగ్గింది.

ఇప్పుడు ఎడమ మూల పచ్చగా ఉంది. బకెట్‌లో బతికిన చేపలకు తోడుగా మదురై నుంచి కొత్తవి తెచ్చినాను. అక్క మునుపటి మాదిరే కుర్చీ వేసుకొని చూస్తుంది, కానీ మేత డబ్బా మాత్రం ముట్టుకోదు. ఒకసారి చేతిలో పెట్టినాను. పక్కన పెట్టేసి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

ఇంటికి ఎవరు వచ్చినా తొట్టిని చూసి ఎంత బాగుందో అంటారు. అప్పుడు అక్క వాళ్లకు తానే చెప్తుంది, ఏదో పాత కథ చెప్పినట్టు: "ముందు ఇంతకంటే ఎక్కువ చేపలు ఉండినాయి. నా వల్ల పోయినాయి." నేను ప్రతిసారీ అడ్డం పడి, "కాదు, నా వల్ల. అక్క ఫోన్ చేసి చెప్పింది, నేను వినలేదు" అంటాను. నేను అక్కను వెనకేసుకొస్తా ఉన్నాననుకొని వచ్చినవాళ్లు మా ఇద్దరినీ చూసి నవ్వతారు. మొన్న మంసాపురం నుంచి వచ్చిన చుట్టాలామె పోతా పోతా గడప దగ్గర అక్క చెయ్యి పట్టుకొని, "ఇట్లాంటి తమ్ముడు ఎవరికి దొరకతాడు" అనింది. అక్క అవునని తలూపింది. నేను ఆ చుట్టాలామె చెప్పులు వెతికిచ్చే నెపంతో బయటికి వచ్చేసినాను.