చిత్తేరి అడవిలో మా మామ మూర్ఛ

మా గోపాలసామి మామ అరవనాట కారిమంగళం సంతలో గాజులు అమ్మేవాడు. ఆయన వ్యాపార రహస్యం ఒక్కటే, తెలుగు. కొనడానికి వచ్చిన అరవం వాళ్ళ ముందే వేదవల్లి అత్తతో, "ఈయమ్మ కొనకుండా పోదులే, నువ్వు ధర మీద బిగబట్టు" అని ఇంటి మాటలో చెప్పి, వాళ్ళవైపు తిరిగి తీయగా నవ్వేవాడు. చుట్టుపక్కల తెలుగువాళ్ళందరూ తనకు ముఖపరిచయమే కాబట్టి, ముఖం తెలియనివాడికి తెలుగు రాదని ఆయన లెక్క. ఆ లెక్క ఇరవై ఏళ్ళు తప్పలేదు. అంత తెలివితక్కువ లెక్క అన్నేళ్ళు ఎలా నిలబడిందో నాకిప్పటికీ అర్థం కాదు.

1974 వేసవిలో అత్త పట్టుబట్టింది. "పుట్టినప్పట్నుంచీ ఆ చిత్తేరి కొండల్ని దూరాన్నుంచే చూస్తా ఉండాను. ఒకతూరి చూపించు."

ఇద్దరూ హరూరులో బస్సు మారి, బస్సు పోలేని చోటినుంచి నడిచి చిత్తేరి అడవిలోకి ఎక్కారు. దారిలో కోతులు సద్దిమూట మీదికొచ్చాయి. మామ ఒక కొమ్మ విరిచి ఝళిపించాడు. కోతులు పోయాయి, ఫారెస్టు గార్డు వచ్చాడు.

"ఏం కొమ్మ అది?" అని అరవంలో గద్దించి, కొమ్మ లాక్కున్నాడు.

ఆ కొండల్లో చందనం చెట్టు మీద చెయ్యి వేస్తే జైలేనని అందరికీ తెలుసు. ఏది చందనం చెట్టో మాత్రం మామకు తెలియదు. గార్డుకు దణ్ణం పెడుతూనే అత్తతో తెలుగులో మొదలుపెట్టాడు.

"చందనమేమోనే! నువ్వు మూర్ఛపో, నేను ఏడుస్తాను."

"నాది కొత్త చీర. నువ్వే పడు."

"నాకు నడుం పట్టుకునింది కదే!"

"మెల్లిగా పడు. వీడు మొద్దు మాదిరి ఉండాడు, నమ్మేస్తాడు."

గార్డు చేతులు కట్టుకుని వింటున్నాడు. మామ ముందు మోకాలు, తరువాత మోచెయ్యి, చివరికి తల ఆనించి, విడతలవారీగా మూర్ఛపోయాడు. అత్త గుండెలు బాదుకుంది.

"అన్నా, ఆపక్క ముళ్ళుండాయి. ఇట్ల జరిగి పడు" అన్నాడు గార్డు, తెలుగులో.

మామ కళ్ళు తెరవకుండానే బుద్ధిగా జరిగాడు. కాసేపటికి విషయం తలకెక్కి లేచి కూర్చున్నాడు. అత్త సిగ్గుతో చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

గార్డు పేరు ఆంజనేయన్, తుంబలహళ్లివాడు, ఇంట్లో తెలుగే. కొమ్మను అవతల పారేశాడు. "ఇది చందనం కాదన్నా, పొయ్యిలోకి కూడా పనికిరాని కట్టె. చూడంగానే తెలిసింది నాకు."

అత్తకు ఒళ్ళు మండింది. "అప్పుడే చెప్పేదానికేం నాయనా? ముసలాయన్ని మట్టిలో దొర్లించినావే!"

ఆంజనేయన్ తల వంచుకున్నాడు. "చెప్పింటే మీరు పోయుందురక్కా. ఇంటి మాట విని నాలుగు నెలలాయె."

అత్త కోపం ఎటు పోయిందో, అక్కడే బండ మీద చతికిలబడి, "పెండ్లాం బిడ్డలు ఊర్లోనే ఉండారా?" అని అడిగింది. ఆ రోజు హరూరు చివరి బస్సు వాళ్ళిద్దరూ లేకుండానే వెళ్ళిపోయింది.