పల్చటి పరదా

సూరత్‌లో నాకు వెబ్ పేజీలు చేయడం నేర్పిన అక్క, పేజీ మొత్తాన్ని కప్పేస్తూ ముందుకొచ్చే 'ఓవర్‌లే'ను పరదా అనేది. పేజీ రూపాన్ని దిద్దే సీఎస్ఎస్ కోడ్‌లో పొజిషన్ ఫిక్స్‌డ్ అని రాసి, నాలుగు వైపులా ఖాళీని సున్నా చేసి, నల్ల రంగు పెడితే నల్లటి పరదా స్క్రీనంతా పరుచుకునేది. ఆమె అసలు పని అప్పుడు మొదలయ్యేది. ఆ నలుపును కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, అడుగున ఉన్న పేజీ మసగ్గా కనిపించేదాకా స్క్రీన్‌కు ముఖం ఆనించినంత దగ్గరగా కూర్చునేది.

"కిందేమున్నదో జర కనవడాలె తమ్మీ" అనేది.

ఒకసారి చీరల దుకాణం సేఠ్, తన ఆఫర్ చూపించే పరదా వెనక ఏమీ కనిపించకూడదన్నాడు. ఎవరికీ ఎదురు చెప్పని అక్క, ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట వినలేదు. నాకది ఉత్త మొండితనం అనిపించింది.

తర్వాత కొన్నాళ్లు ఆమె ఇంటి నుంచే పనిచేసింది. ఆఫీసులో మరిచిపోయిన ఛార్జర్ ఇవ్వడానికి ఒక మధ్యాహ్నం వెళ్లాను. ఒకటే గది. మధ్యలో తాడు మీద పల్చటి పాలిస్టర్ చీర వేలాడుతోంది. దాని వెనక మంచం మీద, ఏళ్ల తరబడి మగ్గాల కార్ఖానాలో పనిచేసి ఊపిరితిత్తులు పాడైన వాళ్ల నాన్న పడుకున్నాడు. గుమ్మంలోంచి వచ్చే ఎండ చీరను దాటి ఆయన ముఖం మీద పడుతోంది.

"మందం గుడ్డ కట్టొచ్చు కదక్కా" అన్నాను.

"కడితే బాపు ఊపిరి తీసుకుంటుండో లేదో నాకెట్ల తెలుస్తది?"

అక్క చీర వైపే చూస్తూ ఉంది. దాని వెనక ఆయన ఛాతీ మెల్లగా లేచి దిగాక, మళ్లీ పనిలో పడింది.