తీసేయనివ్వని నక్షత్రం

మా మేడం పోయారని పుంగనూరు నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. గుండెలో నొప్పిగా ఉందని ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఆమె విషయంలో ఎప్పుడూ నాకు ముందు వచ్చేది కోపమే.

మదనపల్లెలో డిగ్రీలో మాకు ఫిజిక్స్ చెప్పారు. తర్వాత కుప్పంలో నా పరిశోధనకు గైడ్ అయ్యారు. ప్రశ్న అడిగితే ప్రశ్నే జవాబు. చప్పుడవుతోందని మండు వేసవిలో కూడా ఫ్యాన్ ఆపేసేవారు.

వేల నక్షత్రాలు బంతిలా గుమిగూడిన ఒక గోళాకార తారాగుచ్ఛం మీద నా పని. అందులో వయసు మళ్లి ఉబ్బిన అరుణ తారల్లో ఏ మూలకం ఎంతుందో కొలవాలి. పెద్ద గుచ్ఛాల్లో ఒక తారకూ ఇంకో తారకూ సోడియం తేడాగా ఉంటుందని అందరికీ తెలుసు. మాది చిన్న గుచ్ఛం, అందులో ఆ తేడా ఉండదని నా వాదన. అన్నీ ఒకేలా వచ్చాయి, ఒక్కటి తప్ప. దానిలో సోడియం బాగా ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ.

“అది దారిన పోయే నక్షత్రం మేడం, మన గుంపుది కాదు. తీసేద్దాం.”

“యాల తీసేస్తావప్పా, నీ థీసిస్‌కి అడ్డమొచ్చిందనా? గుంపుతో పాటు పోతాండాదా లేదా, అది సూడు ముందు.”

మళ్లీ టెలిస్కోప్ కోసం అర్జీ, మళ్లీ ఎదురుచూపు. తీరా మా వంతు వచ్చేసరికి మబ్బులు. డాక్టరేట్ మీద ఆధారపడిన ఉద్యోగం ఈలోగా చెయ్యి జారింది. ఆ మాట చెబితే, “ఉద్యోగం ఇంకోటి వస్తాది. తీసేసిన సుక్క మళ్లీ రాదప్పా” అన్నారు. తలుపు గట్టిగా వేసి బయటికొచ్చాను. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మరుసటి సీజన్‌లో ఆకాశం తేటపడింది. ఆ నక్షత్రం గుంపుతోనే కదులుతోంది. సోడియం ఎక్కువే. అంటే మా చిన్న గుచ్ఛంలోనూ, ముందు పుట్టిన తారలు వదిలిన పదార్థం కలిసిన వాయువులోంచి కొన్ని తారలు తర్వాత పుట్టాయన్నమాట. థీసిస్ మొత్తం తిరగరాశాను. “సెప్పలా నేను?” అంటారని కాచుకున్నాను. “బొమ్మలు పెద్దవిగా గియ్యప్పా, కనపడ్డం లేదు” అన్నారంతే.

కుప్పంలో వైవా రోజు, పరీక్షకు వచ్చిన పెద్దాయన ఆ ఒక్క తారనే పట్టుకుని మెచ్చుకున్నారు. తల తిప్పి చూస్తే మేడం కుర్చీ ఖాళీ. వైవా ముగియగానే బస్టాండుకు పరుగెత్తాను. పుంగనూరు బస్సు అప్పుడే కదులుతోంది. దండం పెట్టాను.

“మెగ్నీషియం యాడ సూసినావప్పా? అది మిగిలే ఉండాది!” అని కిటికీలోంచి అరిచారు.

బస్సు మలుపు తిరిగేదాకా ఆమె చెయ్యి బయటే ఉంది, నా వైపు చూపుడువేలు ఆడిస్తూ.