గట్టు మీద నుంచి పాడిన పెద్దాయన

పోయిన గురువారం పొద్దున్నే కొట్టు తెరుస్తుంటే కీబోర్డు వాయించే ఆయన వచ్చి, "మన పెద్దాయన పోయారండీ. నిద్రలోనే," అన్నాడు.

తాడేపల్లిగూడెంలో నాది మైకుసెట్ల కొట్టు. పెళ్లిళ్లలో సినిమా పాటలు పాడే ఆ నలుగురి ఆర్కెస్ట్రాకి పన్నెండేళ్లుగా సెట్టు ఇచ్చింది నేనే. అందులో ముఖ్యమైన గొంతు పెద్దాయనది. ఈ చుట్టుపక్కల మీలో చాలామంది వినే ఉంటారు.

నలుగురూ కొల్లేటి లంకలో ఒకే ప్రార్థన సంఘంలో పుట్టి బయటికొచ్చేసినవాళ్లు. ఆ సంఘంవాళ్లు వాయిద్యం ముట్టుకోరు, రేడియో పెట్టుకోరు, ఫొటో దిగరు. వెళ్లిపోయినవాళ్లు వాళ్లకి చచ్చిపోయినట్టే. ఎదురుపడినా చూడరు.

మొదటిసారి గణపవరం పెళ్లిలో పాట మధ్యలో నలుగురూ ఒక్కసారిగా ఆగిపోయారు. కాసేపటికి ఒక్కసారిగా అందుకున్నారు. పెళ్లికొడుకు మేనమామ నా దగ్గరకొచ్చి, "ఏవండీ, మీ మైకుకి మూర్ఛలొస్తాయా?" అన్నాడు. పరుగెత్తి వైర్లన్నీ చూశాను.

"వైర్లు బానే ఉన్నాయండీ," అన్నారు పెద్దాయన. "అక్కడ గాలి మళ్లిందండీ."

చిన్నప్పుడు అవతలి ఊరి పెళ్లి మైకులు నీళ్ల మీదుగా వినబడేవట. నలుగురూ చాటుగా గట్టు మీద నిలబడి పాటలు నేర్చుకున్నారు. గాలి మళ్లి వినబడని చోట వాళ్లకి పాట లేదు. నా ఫోన్లో అసలు పాట వినిపిస్తే పెద్దాయన శ్రద్ధగా విని, "బావుందండీ. కానీ ఇది వేరే పాట," అన్నారు. ఆ ఖాళీలు ఎప్పటికీ పూడ్చలేదు. "తప్పు పాడినా పర్లేదండీ, వినని ముక్క కల్పించకూడదు," అనేవారు. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా పందిరంతా ఎవరి కోసమో చెవి ఒగ్గినట్టుండేది.

మైకు ముందుకి చెప్పులు విప్పి వెళ్లేవారు. చివర్లో వైర్లు ఆయనే చుట్టేవారు. ఆదివారం పొద్దున్న మాత్రం ఎంత పెద్ద పెళ్లయినా ఒప్పుకునేవారు కాదు.

కారణమేంటో ఒక ఆదివారం ఆయన్ని బండి మీద దింపితే తెలిసింది. చేపల చెరువుల అవతల సంఘం మందిరం. లోపల పాట, ఒక్కొక్కరిదీ ఒక్కో చరణం. ఆయన చెల్లెలి గొంతు అయ్యాక పాట ఆగింది. గట్టు మీద నుంచి ఈయన మెల్లగా ఒక చరణం పాడారు. తర్వాత లోపలివాళ్లు అందుకున్నారు. ఒక్క తలా ఇటు తిరగలేదు.

"అది నా చరణమండీ. పోయినవాళ్లది ఇంకొకరికివ్వరు. అంతసేపూ ఆగుతారు."

చెల్లెలు బయటికొచ్చి, గట్టు మీద ఎవరూ లేనట్టే మా ముందు నుంచి వెళ్లిపోయింది.

"దానికి వినబడిందంటారా?"

"వినబడే ఉంటుంది బాబాయ్ గారూ," అన్నాను. నాకేం తెలుసు. ఆ తర్వాత ప్రతి వారం నేనే దింపేవాణ్ణి, ప్రతిసారీ అదే అడిగేవారు. ఆమె ఒక్కసారి అన్నయ్యా అంటే చాలు ఆయనకి.

చావు కబురు సంఘానికి పంపించాం. మట్టి చేసేటప్పుడు వాళ్లెవరూ రాలేదు. మొన్న ఆదివారం మిగిలిన ముగ్గురూ నేనూ అదే గట్టు మీద నిలబడ్డాం. చెల్లెలి చరణం అయింది. పాట ఆగింది. మాలో ఎవరూ నోరు విప్పలేదు. సరిగ్గా ఆ చరణమంతసేపు ఆగి, ఎవరో పాడి ముగించినట్టు లోపల అందుకున్నారు. కీబోర్డాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

పాట అవగానే మందిరం తలుపు తెరుచుకుంది. చెల్లెలు. మమ్మల్ని చూడలేదు. మాకు నాలుగడుగుల అవతల, ఎవరూ లేని చోట, ఒక మొహంలోకి చూస్తున్నట్టు చూసింది.

"ఎండలో నిలబడ్డావేంటన్నయ్యా. లోపలికి రా."

రెండో రెక్క కూడా తీసి పక్కకి జరిగింది. ఒక మనిషి గట్టు దిగి మెట్లెక్కేంతసేపు అలాగే నిలబడి, నెమ్మదిగా తలుపేసింది.