ఎర్ర పోగు మింగిన పిల్లి

ఆ రోజుల్లో మా మోత్కూరులో మనిషికి కడుపునొప్పి వస్తే "తగ్గుతది తీ" అని ఎవరి పనికి వాళ్ళు పోయేవాళ్ళు. పిల్లికి వస్తే మాత్రం వాడకట్టు వాడకట్టంతా వైద్యులైపోయేది. మాది నేత ఇల్లు. పడుగుకు పట్టించిన గంజి వాసనకు ఎలుకలు బంధువుల్లా దిగేవి (పిలవకపోయినా వచ్చి, పెట్టకపోయినా తిని, పోతూ పోతూ నాశనం చేసి పోయేవి). కాబట్టి మా పిల్లి ముద్దుకు పెంచింది కాదు, పనికి పెట్టుకున్నది. అది లేకపోతే పడుగు లేదు, పడుగు లేకపోతే మాకు బువ్వ లేదు. దానికి పెరట్లో పొయ్యి బూడిద పోసే మూల ఒకటి ఉండేది. రోజూ అక్కడికే పోయి, గుంట తవ్వి, పని చూసుకొని, మళ్ళీ కప్పి, వాసన చూసి తృప్తిపడి వచ్చేది. ఇంట్లో అంత శుభ్రత తెలిసింది దానికొక్కదానికేనని అవ్వ అనేది, నా వైపు చూస్తూ.

అలాంటి పిల్లి ఒకనాడు బూడిదను వదిలేసి, మగ్గం కింద నేసేవాడు కాళ్ళు పెట్టుకునే గుంటలో దిగింది. బాపు కాళ్ళ దగ్గర వీపు వంచి కూర్చొని, ముక్కుతూ మూలుగుతూ ఉంది. వచ్చేది మాత్రం ఏమీ లేదు. బాపు గయ్యిమన్నాడు.

"ఒరేయ్, దీనికి నా కాళ్ళ కాడ తప్ప జాగ దొర్కలేదా? అవుతల పారెయ్!"

"పొగరు కాదు కొడుకా, దాని పానం బాగలేదు. నిన్నటి సంది పాలు గూడ ముట్టలే," అంది అవ్వ.

ఇక దిగాడు మా చిన్నాయన. బాపుకు తమ్ముడు, ఊరికి హకీం. ఎప్పుడో పట్నంలో ఒక హకీం ఇంటి అరుగు మీద వానకు తలదాచుకున్నాడు; వాన వెలిసేసరికి వైద్యం వచ్చేసింది. మనుషులను చూసినట్టే పిల్లినీ ఎదురుగా కూర్చోబెట్టుకొని "ఏదీ, నాలుక చూపెట్టు" అని గదమాయించాడు. అది పళ్ళు చూపెట్టింది. "చూసిన్రా? వేడి చేసింది. ఆముదం తెండ్రి!" పట్టుకోవలసిన వాణ్ణి నేను. అప్పటికి నాకు మగ్గమెక్కడం కొత్త, మీసం రావడం కొత్త. పిల్లిని పట్టుకోవడానికి ఈ రెండూ అక్కరకు రావని ఆ పూటే తెలిసింది. ఆముదం సగం నా కంట్లో, సగం చిన్నాయన ధోవతి మీద పడింది. పిల్లికి దక్కింది నా మణికట్టు. ఎర్రగా ఒక పొడుగాటి గీత గీసి, మూల నక్కి, మా ఇద్దరినీ అసహ్యంగా చూసింది. న్యాయమైన చూపే అది.

మర్నాడు పొద్దున అది తోకెత్తి నిలబడితే కింద ఎర్ర పోగు ఒకటి వేలాడుతోంది. చీర అంచుకని చుట్టి పెట్టిన ఎర్ర కండె కనబడక (దానికి తిట్లు తిన్నది నేను) ఇల్లంతా వెతుకుతున్నాం. ఆ నూలంతా పిల్లి కడుపులో ఉన్న సంగతి అప్పుడు తెలిసింది. వేలాడే పోగు కనబడితే నేతగాడి చెయ్యి ఆగదు. పెళ్ళిలో పక్కవాడి కండువా పోగైనా సరే, పీకి చుట్టి పెట్టుకోకపోతే మాకు అన్నం సయించదు. చిన్నాయన కళ్ళు మెరిశాయి. ఒక చేత్తో ఖాళీ కండె, ఇంకో చేత్తో పోగు.

"దొరికింది దొంగ! గట్టిగ పట్టుకోరా, నూలు నూలంత చుడత," అని గుంజాడు.

పిల్లి అరిచింది. (ఆ అరుపుకు యాదగిరిగుట్ట మెట్లెక్కుతున్న భక్తులు నరసింహస్వామే గర్జించాడని చెంపలేసుకున్నారని నేను ఇన్నాళ్ళుగా చెప్తున్నాను, ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు.) మగ్గం చప్పుడు ఆగిపోయింది. ఎంత పెద్ద సావుకారు వచ్చినా గుంటలోంచే మాట్లాడే మా బాపు, గుంటలోంచి లేచి బయటికి వచ్చాడు.

"ఇడువు."

"గది కాదన్నా, మంచి నూలు..."

"ఇడువుమన్న! లోపల చిక్కుపడ్డ పోగును గుంజుతర్రా? నువ్వు నేతగాడివా, కట్టెలు కొట్టెటోడివా? గుంజితె అది సచ్చిపోతది!"

కత్తెర తెచ్చి, వేలాడినంత మేర కత్తిరించి, "ఇగ దాన్ని జర సల్లగ ఉండనియ్యిన్రి" అని మళ్ళీ గుంటలో కూర్చున్నాడు. అవ్వ ఆముదం సీసా దాచేసింది. పెరట్లో ఇంకో మూల కొత్త బూడిద పోసింది. "నొప్పైన జాగకు మల్ల పోతదా? నువ్వు పోతవా?" అని నన్ను అడిగింది (నన్నే ఎందుకడిగిందో ఇప్పటికీ తెలియదు). ఆ రోజంతా బాపు మగ్గం మీద పోగులు తెగుతూనే ఉన్నాయి. అవతల పారెయ్యమన్న మనిషి, పోగుల మధ్య నాడె విసిరిన ప్రతిసారీ మెడ సాచి పిల్లి పడుకున్న మూల వైపు చూశాడు.

పొద్దు వాలే వేళకు పిల్లి లేచింది. కొత్త బూడిదలో గుంట తవ్వింది. ఇంటిల్లిపాదీ మంత్రిగారి ఊరేగింపుకు నిలబడ్డట్టు వరసగా నిలబడ్డాం. చాలాసేపు ముక్కి ముక్కి ఎర్రటి ఉండ ఒకటి పడేసింది. దాన్ని కప్పింది. వాసన చూసింది. నేరుగా పాల గిన్నె దగ్గరికి నడిచింది. అవ్వ కొంగుతో కళ్ళొత్తుకుంది. చిన్నాయన పుల్లతో బూడిద కెలికి, "చూసిన్రా, రంగు పోలే!" అని ఆ నూలును మెచ్చుకున్నాడు.

"రంగు సంగతి తర్వాత గని," అంది అవ్వ, "ఎండు చేపలు తిని, చెయ్యి కడుగకుంట గా ఎర్ర కండె చుట్టినోడెవడు?"

చిన్నాయన చూరు వైపు చూశాడు. హకీంగారికి అంతుపట్టని రోగం పేరు అప్పుడు అందరికీ తెలిసింది: హకీంగారే.

నా మణికట్టు మీద ఆ గీత ఇంకా ఉంది. అమ్రాబాద్ అడవిలో చిరుతతో కలబడ్డానని చెప్తే మా పిల్లలు నోళ్ళు తెరుచుకొని నమ్ముతారు. ఏడాదికేడాది ఆ చిరుత పెరుగుతూనే ఉంది. కానీ మీ తాత ఒక పిల్లి కోసం మగ్గం ఆపి గుంటలోంచి లేచి వచ్చాడురా అంటే మాత్రం, "పో బాపూ, అన్నీ కోతలే" అని నవ్వుతారు. అబద్ధాల్లో ఆరితేరిన నాకు ఒక్క నిజం చెప్పడం చేతకావడం లేదు. నేనూ నవ్వి, ఆ గీతను ఓసారి తడుముకొని, మళ్ళీ చిరుత దగ్గరికే పోతాను.