మార్తక్క పడవలో ఆ పొద్దున

దెయ్యాలూ గాలులూ అంటే నాకు చిన్నప్పట్నుంచీ నమ్మకం లేదు. దేవుణ్ణి నమ్ముకున్నాక అసలే లేదు. అందుకే ఇది చెప్పడానికి సిగ్గుపడి ఇన్నేళ్లూ ఊరుకున్నాను.

గోదావరి మీద ఆనకట్ట కట్టి కాలువలు తవ్విన కొత్తలో మా పేట పిల్లలు మిషను బడికి పడవలో వెళ్లేవారు. పడవ మార్తక్కది. మొగుడు పోయాక ముగ్గురు పిల్లల్ని సాకడానికి పడవ తోసే ఆయన గెడ తనే పట్టింది. ప్రార్థన చెయ్యనిదే పడవ కదిలించేది కాదు. అక్షరం రాదు. పిల్లలు బళ్లో నేర్చిన బైబిలు వాక్యాలు దారిలో వాళ్లచేత చెప్పించుకుని కంఠతా పట్టేది.

ఊరంతా ఆమెని మెచ్చుకునేవారు. నాకు కడుపు మండేది. నా కూతురు రూతు ఇంట్లో నాతో ముక్తసరిగా మాట్లాడేది. పడవెక్కితే "పెద్దమ్మా, పెద్దమ్మా" అంటూ ఆమె కొంగు వదిలేది కాదు. జ్వరమొచ్చినప్పుడు కూడా ఆమెనే కలవరించింది. కన్నది నేను.

ఒక వానాకాలం మార్తక్కకి చలిజ్వరం తగిలింది. నిజం చెప్తున్నాను, నాకు సంతోషం వేసింది. మా పుట్టింటివాళ్లు పడవలవాళ్లే, గెడ వెయ్యడం నాకూ వచ్చు.

"రేపట్నుంచి నేను తీసుకెళ్తానక్కా" అన్నాను.

"లాకుల దగ్గర తూము పడవని లోపలికి లాగుద్ది ఎస్తేరూ. అవతలి గట్టు పట్టుకుని పోవే" అంది వణుకుతూ.

నాకు తెలీదా అనుకున్నాను. మర్నాడు పదకొండుమంది పిల్లల్నీ ఎక్కించుకుని, ఆమె వద్దన్న ఇవతలి గట్టువెంటే పోయాను.

గెడ బురదలో దిగబడి చేతిలోంచి జారిపోయింది. పడవ తూము వైపు తిరిగి కుడిపక్కకి ఒరిగింది. నీళ్లు లోపలికొచ్చాయి.

అప్పుడు పిల్లలందరూ ఒక్కసారిగా నా వెనక్కి చూశారు. "అలాగే పెద్దమ్మా" అంటూ ఎడం పక్కకి జరిగి కూర్చున్నారు. పడవ నిలదొక్కుకుని గట్టుకి తగిలింది. రెల్లుదుబ్బు పట్టుకుని ఆపాను.

వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

"ఎడం పక్కకి కూర్చోమని పెద్దమ్మ అంది కదమ్మా. నీకు వినబళ్లేదా?" అంది రూతు.

పిల్లల్ని గట్టువెంట నడిపించి బళ్లో దింపి, మార్తక్క ఇంటికి పరిగెత్తాను. మంచం మీదే ఉంది, ఒళ్లు కాలిపోతోంది. పెద్దకూతురు నుదుట తడిగుడ్డ వేస్తోంది. నేను నోరు విప్పకముందే ఆ పిల్ల అంది:

"ఇందాక అమ్మ దిగ్గున లేచి కూర్చుంది పిన్నీ. 'ఎడం పక్కకి కూర్చోండర్రా' అని కేకేసి మళ్లీ పడిపోయింది. నాకు భయమేస్తోంది."

మార్తక్క వారానికి తేరుకుంది. ఆమెకి ఏమీ గుర్తులేదు. జరిగింది చెప్తే "ప్రభువు కాపాడాడు" అని పిల్లల్ని లెక్కపెట్టుకున్నట్టు ఒక్కొక్కరి పేరూ అడిగింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

జ్వరంలో కేకలు ఎవరైనా వేస్తారు. కానీ మైలు దూరంలో మంచాన పడున్న మనిషి గొంతు ఆ పిల్లలందరికీ ఎలా వినిపించిందో నేనిప్పటికీ చెప్పలేను. నా కూతురికీ వినిపించింది. అదే పడవలో ఉన్న నాకు వినిపించలేదు. ఆ కుళ్లు ఇంకా పోలేదు.