సీతమ్మ విగ్రహానికి లోహపరీక్ష

విఘ్నేశ్వరునికి మొక్కి, నా చేత అసత్యం రాయించవద్దని వాగ్దేవిని వేడుకొని, శ్రావణ బహుళ తదియ నాడు ఇది మొదలుపెడుతున్నాను. దైవాన్ని తలచుకొన్నవాడు శాంతంగా రాయాలంటారు పెద్దలు. అది నావల్ల కాదు.

మా ఊరి రామాలయంలో మూలమూర్తులు దుర్గి శిల్పులు చెక్కిన రాతివి. కల్యాణానికీ ఊరేగింపుకూ బయటికి తెచ్చేవి పంచలోహ విగ్రహాలు. ఈ యేటి శ్రీరామనవమికి వాటిని పీటల మీద నిలిపినప్పుడు, రామునికన్నా సీతమ్మ ఎర్రగా కనిపించింది. అంతే, అసలు విగ్రహాన్ని అమ్ముకొని రాగిబొమ్మను పెట్టాడన్న నింద అర్చకుని మీద పడింది. తండ్రి తరువాత ఆ గర్భగుడినే నమ్ముకొని బతికిన మనిషి ఆయన.

ఆలయ కమిటీ అధ్యక్షుడు పత్తి వ్యాపారి. నరసరావుపేటలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో లోహాలను పరీక్షించే లేజర్ యంత్రముందని విని, చైత్ర బహుళ పంచమి నాడు సీతమ్మను పట్టుబట్టలో చుట్టి కారులో తీసుకువెళ్ళాడు. కమిటీ సభ్యునిగా నేనూ, నిందితునిగా అర్చకుడూ వెంట ఉన్నాము.

అక్కడి అధ్యాపకురాలు విగ్రహం వీపున ఒక చోటు ఎంచుకొన్నది. లేజర్ కాంతి తాకిన చోట కంటికానని పిసరు లోహం ఆవిరై మెరుస్తుంది. ఆ మెరుపులోని వన్నెలను విడదీసి ఏ లోహం ఎంతున్నదో యంత్రం చెబుతుంది. టకటకమని కొన్ని మెరుపులు మెరిశాయి.

"రాగి బాగా ఎక్కువుంది. జింకు దాదాపు లేదు," అని ఆమె అర్చకుని వైపు తిరిగింది. "దీన్ని దేంతో తోముతారండీ?"

"చింతపండుతోనమ్మా. శుక్రవారం శుక్రవారం కుంకుమపూజ అమ్మవారికే గదా. రాములవారిని పండగలకే తోముతాం."

"అదీ సంగతి. పులుపుకి పైనున్న జింకు పోయి ఎర్రటి రాగి మిగులుతుంది. ఇప్పుడు చూసింది సర్ఫేస్ మాత్రమే సార్. అదే పాయింట్‌లో ఇంకా కొట్టుకుంటూ పోతే లోపలి లోహం తెలుస్తుంది. రాముడి విగ్రహం కూడా తెస్తే పోల్చి చూడొచ్చు."

అధ్యక్షుడు చేయి అడ్డం పెట్టాడు. "ఇంకా కొడతావా? అమ్మవారి వీపున తూట్లు పొడవటానికి తెచ్చామా? చాలు, కట్టెయ్ మిషను."

"ఆ గుంట కంటికి కూడా ఆనదు సార్."

"మన కంటికి ఆనదు. దేవుడికి కనపడద్ది గదమ్మా!"

అతడు నటించలేదు. ముంజేతి మీద రోమాలు నిక్కబొడుచుకోవడం చూశాను. అందుకే నాకు మరింత మండింది. ఊరికి రాగానే అదే భక్తుడు గుడి మండపంలో నిలబడి, "రాగేనని మిషనే చెప్పింది" అని ప్రకటించాడు. యంత్రం నోరు నొక్కినవాడే దాన్ని సాక్షిగా నిలబెట్టాడు! అర్చకుణ్ణి ఆ క్షణమే పూజ నుంచి తప్పించాడు.

"ఏంది పంతులూ, అసలు సీతమ్మను ఏ కొట్లో కుదవబెట్టావ్?" అన్నాడు అరుగు మీద నుంచి ఒకడు.

"రావణాసురుడు ఎత్తుకపోయాడే గాని అమ్ముకోలేదురా!" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. అర్చకుడు తలెత్తకుండా మెట్లు దిగిపోయాడు.

"ఏమయ్యా, సగం పరీక్షకు నిండు శిక్షా?" అని అధ్యక్షుణ్ణి నిలదీశాను.

"మాస్టారూ, చానా చదువుకున్నోళ్ళు మీరు. అమ్మవారికి గాయం చెయ్యమంటారేంది?"

లోహమూర్తికి అవయవం విరిగితే దోషం గాని, సూదిమొన పాటి గుంటకు సంప్రోక్షణతో శుద్ధి చాలునని వివరించాను. తల ఊపాడు, మాట మార్చుకోలేదు. విగ్రహానికి నొప్పి పుడుతుందని వెనుకాడిన ఆ చేయి, ఆలుబిడ్డలున్న మనిషిని నలుగురిలో దొంగను చేయడానికి వెనుకాడలేదు. మనిషి పరువుకు పడ్డ గుంటను పూడ్చే సంప్రోక్షణ ఏ ఆగమంలోనూ నేను చదవలేదు.

నాటి నుంచి రోజూ అతని పత్తి కొట్టు ముందు కుర్చీ వేయించుకొని కూర్చున్నాను. వచ్చిన ప్రతి బేరగానికీ ఈ సంగతి మొదటి నుంచి చివరి దాకా వినిపించాను. అతని కొడుకులు వచ్చి బతిమాలినా లేవలేదు. చివరకు అధ్యక్షుడే, "చంపుతున్నారు మాస్టారూ, పోయి కొట్టించుకోండి ఆ లేజరు!" అని అరిచాడు.

వైశాఖ బహుళ దశమి నాడు రెండు విగ్రహాలకూ పీఠం అడుగున పరీక్ష జరిగింది. పైపొర దాటిన తరువాత సీతమ్మలోనూ రామునిలోనూ అవే లోహాలు, అవే పాళ్ళలో కనిపించాయి. జ్యేష్ఠ శుద్ధ విదియ నాడు కమిటీ అర్చకుణ్ణి తిరిగి రమ్మని కబురు పంపింది. ఆయన రాలేదు. ఆషాఢ శుద్ధ పంచమి నుంచి వెల్దుర్తి వైపు ఒక ఆంజనేయస్వామి గుడిలో పూజ చేస్తున్నాడు.